కలివి పొదల పక్కన అగ్గి

మా ఇంట్లో నిప్పుకు మర్యాదలు ఉండేవి. నోటితో ఊదకూడదు, విసనకర్రతో విసరాలి. దాటకూడదు. దాని వైపు కాళ్ళు చాపుకొని కూర్చోకూడదు. కాలితో తొక్కకూడదని మాత్రం నాయన ఎప్పుడూ చెప్పలేదు. మనిషన్నవాడు అలాంటి పని చేస్తాడని ఆయనకు తోచి ఉండదు.

ఆయన జమ్మలమడుగు అవతల ఎర్రకొండల మీద ఒక చిన్న శివాలయంలో అర్చకుడు. ఆయన తరువాత నేను. హోమం నేర్పేటప్పుడు ఆయన అనేవాడు: అగ్ని ఇంటికి వచ్చిన అతిథి. పిలుస్తాం, కూర్చోబెడతాం, వడ్డిస్తాం, చివర సాగనంపుతాం. ఆ సాగనంపడమే ఉద్వాసన. పిలవడం అందరికీ ఇష్టమే, సాగనంపేటప్పటికి అందరికీ ఆకలేస్తుంది, అని నవ్వేవాడు. ఆ నవ్వులో ఉన్న మాట నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

మా కొండ మెట్లకు ఒక పక్క గుడి మాన్యం. సేద్యం లేక బోదగడ్డి నడుమెత్తు పెరిగి, మాఘమాసానికి ఎండి, తాకితే గలగలమంటుంది. ఆ గడ్డి దాటితే కలివి పొదలు. ముళ్ళు, మధ్యమధ్య ఎర్రమట్టి ఖాళీలు. మేకలు కూడా ఇష్టపడని చోటు. శివరాత్రికి ప్రొద్దుటూరు నుంచి, జమ్మలమడుగు నుంచి, కొండాపురం కాలనీల నుంచి జనం ట్రాక్టర్లలో, ఆటోలలో వస్తారు. మెట్ల పక్కన మూడు రాళ్ళు పెట్టి వండుకుంటారు. ఆర్పినామనుకొని పోతారు. ప్రతి ఏడూ కొండ ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది. అంతకు ముందు ఏడు పడమటి వాలు మొత్తం నల్లబడింది. ఈసారి ఏ పక్క అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్న పట్టుకొని వచ్చింది మా బీటు ఆఫీసరమ్మ. అటవీశాఖలో చేరి ఎంతో కాలం కాలేదు. తొండూరు దగ్గర సేద్యగాళ్ళ ఇంటి పిల్ల, పులివెందులలో చదువుకుంది. స్కూటీ మెట్ల కింద నిలిపి, గుడి అరుగు మీద కూర్చొని, ఫోనులో ఒక ఫోటో చూపించింది. మెత్తటి మట్టిలో మూడు వేళ్ళ అడుగులు.

"ఇవి కలివికోడివి కావచ్చు స్వామీ. కాకపోవచ్చు కూడా. పైకి పంపినా. వాళ్ళూ తేల్చి చెప్పల్యా."

కలివికోడి పేరు నేను విన్నాను, చూడలేదు. చూసినవాళ్ళను కూడా చూడలేదు. పొడుగు కాళ్ళ పిట్ట, రొమ్ము మీద గోధుమరంగు పట్టెలు, పగలంతా పొద కింద కదలక మెదలక ఉండి పొద్దుగూకినాక తిరుగుతుందట. మన జిల్లా చుట్టుపట్ల తప్ప లోకంలో మరెక్కడా దాదాపు దొరకలేదట. ఒకసారి పూర్తిగా పోయిందనుకున్న పిట్ట మళ్ళీ కనిపించిందట. అలాంటిది మా కొండ కింద ఉందేమోనన్న అనుమానం, ఆ అనుమానానికి ఉన్న ఇల్లు ఆ కలివి పొదలు. శివరాత్రి మంట ఆ గడ్డిలో పడితే పొదలు ఒక్క గంటలో పోతాయి. అందుకని ముందే, మంచు తడి ఉన్న పొద్దున, గడ్డిని ఒక పట్టీగా కాల్చేయాలి. తరువాత వచ్చే మంటకు తినడానికి ఏమీ మిగలకూడదు. మాన్యం గుడిది కాబట్టి ధర్మకర్త ఒప్పుకోవాలి.

ధర్మకర్త ఊళ్ళో పెద్ద రైతు. గట్టి మనిషి, మాట కూడా అంతే. ఆయన అరుగు మీద కూర్చొని అంతా విన్నాడు.

"కాపాడేదానికి కాలుస్తారా? మీ డిపార్ట్‌మెంటు తెలివి శానా బాగుందమ్మా."

"మీరు శనగ పైరు ఎండినాక గట్టెంబడి గడ్డి కాలుస్తారు కదప్పా, పక్కోని బీట్లో నుంచి అగ్గి రాకుండా. ఇదీ అట్లాంటిదే."

"పైరు కంటికి కనపడతాది. నీ పిట్ట యాడుంది? నువ్వు చూసినావా?"

"లేదు. అడుగులు చూసినా."

"అడుగులు. ఈ కొండ మీద దేవుని అడుగులు కూడా ఉండాయంటారు. దేవుణ్ణి చూసినోడు ఎవడూ లేడు."

"అయినా గుడి కట్టినారు కదప్పా."

ఆయన నా వైపు తిరిగి, "ఏంది అయ్యోరూ, ఈయమ్మ మీ సత్సంగానికి వస్తాందా?" అని నవ్వాడు. ఒప్పుకున్నట్టే. కానీ ఒక షరతు పెట్టాడు. అగ్గిపెట్టె గీకి దేవుని మాన్యం కాలిస్తే తాను ఊరుకోడు. గర్భగుడి దీపం నుంచి అయ్యవారు నిప్పు తేవాలి, పూజ చేయాలి, మంత్రం చెప్పి ముట్టించాలి.

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. శివరాత్రి లోపల అయితే చాలు, ఏ నిప్పయినా సరే అంది. నాకు ఇంకా సంతోషం. అడవిపనికి దేవుడి దీపం కావలసి రావడం నాకు గొప్పగా తోచింది.

ఆదివారాలు నేను ప్రొద్దుటూరులో సత్సంగానికి పోతాను. ఒక బంగారు కొట్టు మేడ మీద గది. గుమాస్తాలు, పంతుళ్ళు, ఇద్దరు ముగ్గురు వ్యాపారులు చాపల మీద కూర్చొని పురాణం చదువుకుంటాం. ఆ వారం అగ్నిదేవుడు ఆకలితో ఒక అడవిని తినే కథ వచ్చింది. ఆ మంటల్లో ఒక తల్లిపిట్ట, రెక్కలు రాని పిల్లలు. పిల్లలు అగ్నిని వేడుకుంటే ఆయన గూడు వదిలి పక్కకు తప్పుకుంటాడు. చదవడం నా వంతు. మామూలుగా ఆగకుండా చదువుతాను. ఆ రోజు పిల్లల మాటలు చదివి, మళ్ళీ వెనక్కి పోయి అవే చదివాను.

రిటైరైన గుమాస్తా ఒకాయన అది గమనించాడు. "ఏంది అయ్యవారూ, కొండకు అగ్గి పెట్టేదానికి పోతాండావంట. ఈ కథ నీకేనా, పిట్టలకా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ బస్సులో తిరిగి వస్తుంటే ఆ కథలో ఒక సంగతి వదలలేదు. పిల్లలు వేడుకున్నాయి కాబట్టి అగ్ని తప్పుకున్నాడు. మా పిట్ట ఉందో లేదో తెలియదు, ఉన్నా నోరు మెదపదు. దాని తరఫున వేడుకోవలసింది నేనే. ఆ రాత్రి నుంచి రోజూ జపంలో అదొక్కటే కోరిక పెట్టుకున్నాను: నువ్వు పొదల వైపు పోవద్దు స్వామీ.

అనుకున్న రోజు వచ్చింది. ఆఫీసరమ్మ తెల్లవారకముందే మనుషులతో దిగింది. ఫైర్ వాచర్లు, ఊరి కూలీలు. ముందు రెండు రోజులుగా వాళ్ళు పట్టీకి ఇరుపక్కలా గడ్డి చెక్కి మట్టి తేల్చి గీతలు తీసి ఉంచారు. ఆ రెండు గీతల మధ్య గడ్డినే కాల్చాలి. గాలికి ఎదురుగా, కొంచెం కొంచెంగా. వీపుకు పైరుమందు కొట్టే డబ్బాలు, వాటిలో నీళ్ళు. చేతుల్లో పచ్చి కానుగ రెమ్మలు, గీత దాటిన మంటను కొట్టడానికి. వాచర్లలో పెద్దవాడి ఊరు రిజర్వాయరు నీళ్ళలో మునిగింది, ఇప్పుడు కాలనీలో ఉంటాడు. నన్ను చూసి దండం పెట్టి, "మా ఊరు నీళ్ళల్లో పాయ. ఇప్పుడు అగ్గి కాడ కూలి. రెండు భూతాలూ నన్నే చూసుకున్యాయి సామీ" అన్నాడు.

"ఎండెక్కే లోపల ముట్టించాల స్వామీ," అంది ఆమె. "మంచు తడి పోతే గాలి లేస్తాది."

నేను సిద్ధమే. కానీ గుడిలో అగ్నిపూజ అన్న మాట ఊళ్ళోకి పాకింది. ధర్మకర్త ఇంటివాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక టెంకాయలతో ఊరు వచ్చింది. గోత్రనామాలు చెప్పమన్నారు. ఒకరికి చెప్పి ఒకరికి చెప్పకపోతే బాగుండదు. ఆమె మెట్ల మీద నిలబడి ఆకాశం చూసింది, గడ్డి వైపు చూసింది, నా వైపు చూసింది. నోరు తెరవలేదు. దేవుడి పని మధ్యలో తొందరపెట్టే ఇంట్లో పెరిగిన పిల్ల కాదు.

గర్భగుడి దీపం ప్రమిదలోకి తీసుకొని మెట్లు దిగాను. గీత మొదట్లో చిన్న ముగ్గు, ఇటుకలు, నాలుగు సమిధలు, పక్కన అభిషేకం బిందెలో నీళ్ళు, చెంబులో పాలు. ఆవాహన చెప్పాను. దాంట్లో నుంచి కాగడా ముట్టించి గడ్డికి తగిలించాను. కూలీలు కానుగ రెమ్మలు చంకన పెట్టుకొని ఆ మంట మీదుగా చేతులు చాచి కళ్ళకు అద్దుకున్నారు, హారతి తీసుకున్నట్టు. చాలామంది చెంపలు వేసుకున్నారు. అప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అందరి చెప్పులూ పై మెట్టు దగ్గర కుప్పగా ఉన్నాయి. పూజ కదా, ఎవరి కాళ్ళకూ లేవు. ఆఫీసరమ్మ బూట్లు కూడా అక్కడే, లోపల మేజోళ్ళు మడిచి పెట్టి.

కాసేపు మంట చెప్పినట్టు విన్నది. చిటపటమంటూ చిన్నగా గాలికి ఎదురుగా పోయింది, వెనక నల్లటి నేల వదిలి. సగం పట్టీ అయింది. ఎండ భుజాల మీదికి వచ్చింది. అప్పుడు కొండల సందులో నుంచి గాలి తిరిగింది.

మంట లేచి నిలబడింది. నేను చూసింది మొదట అదే, అంతవరకు వంగి నడిచినది నిటారుగా కావడం. తరువాత ఒక నాలుక మట్టిగీత మీదుగా వంగి అవతలి గడ్డిని అందుకుంది. ఆ గడ్డి వెనక కలివి పొదలు.

"కొట్టండి," అని అరిచింది ఆమె. "దాటింది, కొట్టండి."

ఎవరూ కదలలేదు. నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. కొరివి మీద కాలు పెట్టడానికి చెప్పులు లేవు, అది ఒకటి. కానీ అది కాదు. వాళ్ళు నన్ను చూస్తున్నారు. పెద్ద వాచరు అందరికంటే ముందున్నాడు, డబ్బా గొట్టం మంట వైపే ఉంది, చెయ్యి పిడి మీద ఉంది.

"నీళ్ళు కొట్టప్పా," అన్నాను.

"ఎట్ల సామీ. నువ్వు పిలిస్తే వచ్చినోడు. దేవుని మీద మందు డబ్బాతో కొట్టేదా. ఉమ్మినట్టు ఉంటాది గదా."

పై నుంచి ధర్మకర్త గొంతు వినిపించింది. "అయ్యోరు చెప్పేదాకా ఎవురూ ఏం చేయగాకండి." ఆయనదీ భక్తే. అంతమంది భక్తి ఒక్కచోట గడ్డకట్టి నిలబడింది, మంట మాత్రం నడుస్తోంది.

ఆఫీసరమ్మ పక్కనున్న కూలీ చేతిలో రెమ్మ లాక్కొని వట్టి కాళ్ళతో దాంట్లోకి పోయింది. ఒక్కతే. కొడుతోంది, మంట ఆమెకు ఇరుపక్కలా జరుగుతోంది. మొదటి కలివి పొద ఆకులు ముడుచుకోవడం నాకు కనిపించింది.

ఆ క్షణంలో నాకు ఏ శాస్త్రవాక్యమూ గుర్తుకు రాలేదు. జపం మాత్రం గుర్తొచ్చింది. పొదల వైపు పోవద్దని ఇన్ని రోజులు అడిగాను. జవాబు నా కోసం ఎదురు చూస్తోందేమో అనిపించింది. అభిషేకం బిందె పక్కనే ఉంది. ఉత్తరీయం దాంట్లో ముంచి, గీత దాటి, మంట మీద కొట్టాను. దెబ్బ పడిన చోట ఆరింది. పక్కన లేచింది. తడి గుడ్డ రెండోసారి ఎత్తే లోపల అది పాదం దగ్గరికి వచ్చింది. తొక్కాను.

కాలు కాలింది. అది తరువాతి సంగతి. తొక్కినప్పుడు వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది, జనం అంతా ఒకేసారి ఊపిరి లోపలికి తీసుకున్న శబ్దం. నేను తిరిగి చూడలేదు. "నేను తొక్కినా కదా," అన్నాను. "పాపముంటే నాది. కొట్టండి."

వాచరు పిడి నొక్కాడు. నీళ్ళు నా భుజం మీదుగా పోయి పొద మొదట్లో పడ్డాయి. ఆ తరువాత అందరూ దిగారు. రెమ్మల చప్పుడు, దగ్గు, తిట్లు. ఎవడో "కాలు కాలు" అంటూ గెంతుతూ కొడుతున్నాడు, పక్కవాడు "కొండ ఎక్కేటప్పుడు మొక్కుకో, ఇప్పుడు కొట్రా" అంటున్నాడు. మంట అంచులో కొన్ని పొదలు పోయాయి. మంట వాటిని దాటి లోపలికి పోలేదు.

అంతా అయిందనుకొని నేను రాతి మీద కూర్చున్నాను. ఆఫీసరమ్మ వచ్చి నా ముందు నిలబడింది. మోకాళ్ళ దాకా మసి. "సగమే అయింది స్వామీ," అంది మెల్లగా. "మిగిలిన సగం కాల్చకపోతే ఇంత చేసింది దండగ. శివరాత్రి మంటకు ఆ సగం చాలు."

కూలీలు రెమ్మలు కింద పెట్టేసి దూరంగా కూర్చున్నారు. మళ్ళీ ఆ నిప్పును ముట్టుకునేట్టు లేరు. ధర్మకర్త మెట్లు దిగి వచ్చాడు. ముఖం చూస్తే తిడతాడనుకున్నాను. తిట్టలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది.

"అయ్యోరూ, మీ నాయన ఉంటే ఏమంటుండె?"

అప్పుడు గుర్తొచ్చింది నాయన నవ్వు. పిలవడం అందరికీ ఇష్టమే. ప్రమిదలో దీపం ఇంకా వెలుగుతోంది, ఇటుకల మధ్య సమిధలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. అతిథి ఇంకా కూర్చొనే ఉన్నాడు. మేం ఆయన్ను కూర్చోబెట్టి కొడుతున్నాం.

కుంటుతూ లేచి పోయి, చెంబులో మిగిలిన పాలు తెచ్చి, ఇటుకల ముందు కూర్చున్నాను. క్షమించమని అడిగాను, వచ్చిన చోటికి సుఖంగా వెళ్ళమని, మళ్ళీ పిలిచినప్పుడు రమ్మని చెప్పే మంత్రం చెప్పాను. నిదానంగా చెప్పాను, ఈసారి తొందర లేదు. పాలు చిలకరించాను. సమిధలు చుయ్యిమని ఆరాయి. దీపం కొండెక్కించి, విభూతి అందరి నుదుట పెట్టాను.

"ఇప్పుడు చెప్పులు వేసుకోండి," అన్నాను. "అమ్మా, నీ దగ్గర అగ్గిపెట్టె ఉందా?"

ధర్మకర్త అడ్డం వచ్చాడు. "అయితే ఆ అగ్గిపెట్టె మంటలో దేవుడు లేడంటావా?"

"ఎందుకు లేడు. మీ ఇంట్లో పొయ్యిలో లేడా? మా అమ్మ రోజూ వంటయినాక కట్టెల మీద నీళ్ళు చల్లేది. నాయన ఎదురుగా చల్లేది. ఏనాడూ తప్పనలేదు ఆయన. పూజకు పిలిచినాయన్ని పంపించినాం. ఇది ఇంటి పని నిప్పు."

ఆయన ఇటుకల మధ్య ఆరిన సమిధల వైపు చూశాడు. వాళ్ళమ్మ పొయ్యి గుర్తొచ్చిందేమో. తరువాత పై మెట్టుకు ఎక్కి కూర్చొని, కుప్పలో తన కిర్రుచెప్పులు వెతుక్కొని, దుమ్ము దులిపి వేసుకున్నాడు. అందరూ చూశారు. ఒక్కొక్కరే లేచి చెప్పుల కుప్ప దగ్గరికి పోయారు. వాచరు మాత్రం ఎవరి చెప్పులు వేసుకున్నాడో, రెండూ ఎడమ కాలివే.

"మామా, దాంట్లో ఒకటి నాది," అన్నాడొకడు.

"ఉండనీ. అగ్గికి నీ కాలు నా కాలు తెలుస్తాదా."

ఎండ ముదిరింది కాబట్టి ఆమె మరీ చిన్న చిన్న ముక్కలుగా కాల్పించింది. ప్రతి ముక్కా ఆరినాకే తరువాతిది. మంట ఎప్పుడు తల ఎత్తినా రెమ్మ పడింది, నీళ్ళు పడ్డాయి. ఎవరూ నా వైపు చూడలేదు. మధ్యాహ్నం దాటినాక పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లగా ఉంది.

శివరాత్రి నాడు నా కాలికి ఇంకా కట్టు ఉంది. సందెవేళ అభిషేకం జరుగుతుండగా కింద కేకలు వినిపించాయి. ఎవరో వండుకున్న పొయ్యి నుంచి మెట్ల పక్క గడ్డి అంటుకుంది. నేను లింగం ముందు నుంచి లేవకూడదు. చేతులు అభిషేకం చేస్తున్నాయి, చెవులు కిందే ఉన్నాయి. పొగ వాసన గర్భగుడిలోకి వచ్చింది. కాసేపటికి ఆఫీసరమ్మ మెట్లెక్కి వచ్చి గడప బయట నిలబడింది. బూట్లు విప్పి ఉన్నాయి. చెయ్యి అడ్డంగా ఊపింది. నల్లటి పట్టీ దగ్గర ఆగిపోయిందని. నేను చెంబు ఎత్తి ఆ చెంబెడు నీళ్ళూ ఒక్కసారిగా స్వామి మీద పోశాను.

పిట్ట మాత్రం ఇప్పటికీ తేలలేదు. అడుగులు పడేందుకని ఆమె పొదల మధ్య జల్లెడ పట్టి పరిచిన మట్టిలో కౌజుల అడుగులు పడుతున్నాయి, అప్పుడప్పుడు అనుమానంగా మరొకటి. అది రాత్రి మొదట్లో కూస్తుందట, కొద్దిసేపే. వినడానికి ఆమె ఒక యంత్రం తెచ్చి పొదలో కట్టింది. కానీ సరిగ్గా ఆ వేళకే మా గుడి మైకులో భజన పాటలు మొదలవుతాయి. ఆమె ఆ సంగతి నాతో కూడా అనలేదు. అడగడానికి మొహమాటపడినట్టుంది.

నిన్న దీపారాధన అయి మెట్లు దిగుతుంటే ధర్మకర్త కింద అరుగు మీద ఒక్కడే కూర్చొని ఉన్నాడు. మైకు మోగడం లేదు. కరెంటు పోయిందా అని అడిగాను.

"ఉంది. నేనే ఆపమన్యా. కాసేపు కూసో అయ్యోరూ, మాట్లాడగాకు."

కూర్చున్నాను. పొదల వైపు చీకటి పడుతోంది.